కుప్ర దీవిలో ఏడు దినములు

మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి గదియందు ఒక భూగోళ పటము వ్రేలాడుచున్నది. అది ఎప్పుడు కొనబడినదో ఇప్పుడున్న ఉపాధ్యాయులలో ఎవ్వరికిని తెలియదు. చుట్టి విప్పి, చుట్టి విప్పి, మధ్యధరా సముద్రపు తూర్పు కొన చినిగిపోగా, వెనుకటి ప్యూను ఒకరు దానిపై కాగితపు ముక్క నొకదానిని అంటించిరి. ఆ ముక్క క్రింద ఒక దీవి కలదు. ఇరువది యేండ్లుగా మేము ఆ పటము ఎదుట నిలిచి కఱ్ఱతో ఇటలీని చూపితిమి, గ్రీసును చూపితిమి, నైలునది సముద్రములో కలియు చోటును చూపితిమి. కాగితపు ముక్క వచ్చినప్పుడు మా కఱ్ఱ దానిని దాటి పోయెడిది.

ఆ దీవి సైప్రసు. మన తెలుగు బైబిలులో దాని పేరు కుప్ర. లేఖన పాఠమునందు మాత్రము దానిని దాటి పోవుట మాకు వీలుపడెడిది కాదు. బర్నబా పుట్టినది కుప్రలోనే. పౌలును బర్నబాయు తమ మొదటి సువార్త ప్రయాణమున సెలూకయలో ఓడ యెక్కి, సలమీలో దిగి, దీవి యంతయు నడచి పాఫు చేరిరి. అక్కడ సెర్గి పౌలు అను అధిపతి వారి బోధ వినెను. గారడీవాడైన ఎలుమ కొంతకాలము చూపు కోల్పోయెను. ఈ కథను ఏటేట చెప్పుచు, తూర్పున సలమీ యనియు పడమట పాఫు అనియు నల్లబల్లమీద రెండు చుక్కలు పెట్టి, నడుమ సుద్దతో గీత గీయుచుంటిమి. ఆ గీతమీద ఒకసారి స్వయముగా పోయి రావలెనని మా మనస్సునందు ఎన్నాళ్లనుండియో కలదు.

ఉపాధ్యాయుల జీతములతో ఇది తేలిక పని కాదు. మేము, మా భార్య, మా డ్రిల్లు మాష్టరు గారు, వారి భార్య, ఈ నలుగురము కలిసి నాలుగేండ్లు చీటీ కట్టితిమి. ఈ వేసవిలో చీటీ ముగిసినది. వచ్చు దసరా సెలవులలో బయలుదేరవలెనని నిశ్చయించుకొని, ఆదివారపు ఆరాధన అయిన పిమ్మట మా వసారాలో బల్లచుట్టు కూర్చుండి ప్రయాణ పట్టిక వ్రాయ మొదలిడితిమి.

మధ్యధరా దీవులలో సిసిలీ, సార్డీనియాల తరువాత మూడవ పెద్ద దీవి ఇదియే. వైశాల్యము 9,251 చదరపు కిలోమీటర్లు. అనగా 2022 లో విభజింపబడుటకు ముందున్న మన కృష్ణా జిల్లాకంటె కొంచెము పెద్దది. కారు ఒకటి అద్దెకు తీసికొన్నచో ఏడు దినములలో దీనిని చుట్టి రావచ్చును. కారు నడుపువారు డ్రిల్లు మాష్టరు గారు. పరదేశమున కుడిప్రక్కను నడుపవలసి వచ్చునేమో యని మొదట వారికి బెదరు పుట్టెను. కాని ఆ దీవిని 1878 మొదలు 1960 వఱకు ఆంగ్లేయులు పాలించిరి గనుక అక్కడను మనవలెనే ఎడమప్రక్కనే నడుపుదురు. ఈ సంగతి తెలిసిన దినమున వారు మాకందఱకును కాఫీ పోయించిరి. అంతర్జాతీయ డ్రైవింగు పర్మిటు ఇక్కడి రవాణా కార్యాలయములోనే దొరకినది.

మా మొదటి పట్టిక యిట్లుండెను. బుధవారము లార్నకా విమానాశ్రయమున దిగుట. ఆ యూరిలోనే లాజరు పేరిట కట్టిన పురాతన దేవాలయము కలదు. బేతనియలో బ్రదికి లేచిన లాజరు తరువాత ఈ దీవికి వచ్చి బిషపుగా నుండెనని అక్కడివారి సంప్రదాయము. గురువారము సలమీ. శుక్రవారము దక్షిణపు తీరము వెంట క్యురియోను శిథిలములు, సముద్రమునకు ఎదురుగా కొండచఱియమీద నున్న రాతి నాటకశాల, రాత్రికి లిమస్సోలు. శనివారము పాఫు చేరుట. ఆదివారము అక్కడనే ఆరాధన. సోమవారము త్రోదోసు కొండలు. మంగళవారము రాజధాని నికోసియా. బుధవారము తెల్లవారుజామున విమానము.

ఇందులో ఆదివారము మాకు ప్రాణము. పాఫునే నేడు పాఫోసు అందురు. అక్కడ 1962 లో ఒక రైతు పొలము దున్నుచుండగా నాగటికి తగిలి బయటపడిన రోమనుల రంగురాళ్ల నేలలు కలవు. వానిని చూచుటకే లోకము నలుమూలలనుండి జనము వత్తురు. మాకు వానికంటె ముఖ్యమైనది వేఱొకటి. ఒక ప్రాచీన బాసిలికా శిథిలముల నడుమ చిన్న రాతి దేవాలయ మొకటి నిలిచి యున్నది. దానిచెంత ఒక విఱిగిన స్తంభము కలదు. పౌలును దానికి కట్టి ముప్పదితొమ్మిది దెబ్బలు కొట్టిరని ఊరివారు చెప్పుదురు. అపొస్తలుల కార్యములలో పాఫు సంగతి చెప్పినచోట ఆ మాట లేదు. మేము దానిని నమ్ముటలేదు. అయినను ఆ చోటున పలు సంఘములవారు నేటికిని ఆరాధన జరుపుకొందురు. రాళ్ల నడుమ నిలిచి, ఆ కథ జరిగిన యూరిలోనే ఒక ఆదివారము ప్రార్థింపవలెనని మేము నాలుగేండ్లు చీటీ కట్టితిమని చెప్పినను అతిశయోక్తి కాదు.

సలమీ మాత్రము మొదటినుండియు చిక్కు పెట్టినది. 1974 లో తిరుగుబాటు జరుగుటయు, వెంటనే తురుష్క సైన్యము దిగుటయు సంభవించి, దీవి రెండు ముక్కలైనది. నడుమ ఐక్యరాజ్యసమితివారి కాపలాలో సుమారు 180 కిలోమీటర్ల పొడవున ఒక ఖాళీ నేల పట్టెడ వలె సాగుచున్నది. సలమీ ఉత్తర భాగమున నున్నది. 1983 లో ఆ భాగము తాను వేఱు రాజ్యమని ప్రకటించుకొన్నను తురుష్క దేశము తప్ప మఱి యెవ్వరును దానిని గుర్తింపలేదు. 2003 నుండి దాటుటకు దారులు తెఱచిరి గాని, దక్షిణమున అద్దెకు తీసికొన్న కారునకు గల బీమా గీత దాటినచో చెల్లదు. గీతవద్ద వేఱుగ కొనవలెను. మన పాస్‌పోర్టులతో దాటి తిరిగి వచ్చుటను గూర్చి కార్యాలయమువారిని లిఖితపూర్వకముగా అడిగితిమి. ప్రత్యుత్తరము వచ్చువఱకు పట్టికలో సలమీ ప్రక్కన పెన్సిలుతో ప్రశ్నార్థక చిహ్న ముండును.

ఇచట ఒక మాట. ఆ కాపలా సైన్యము 1964 లో ఏర్పడినప్పుడు దానికి మొదటి సేనాధిపతి మన దేశపువాడైన జనరలు జ్ఞానీ. వారి తరువాత వచ్చినవారు కొడగు దేశీయులైన జనరలు తిమ్మయ్య గారు. 1965 డిసెంబరులో ఆ దీవిలో ఉద్యోగమునందుండగానే వారు కన్నుమూసిరి; మఱుసటి యేడు ఆ ప్రభుత్వము వారి బొమ్మతో తపాలబిళ్ల వేసినది. మా డ్రిల్లు మాష్టరు గారు పూర్వము ఎన్.సి.సి. శిక్షణ పొందినవారు. వారికి పౌలుకంటె తిమ్మయ్యగారిమీద మక్కువ హెచ్చో యని మాకు అనుమానము.

సలమీచెంతనే బర్నబా మఠము కూడ కలదు. బర్నబా సమాధి అయిదవ శతాబ్దమున అక్కడ బయటపడెనని చెప్పుదురు. దాని ఫలముగా జీనో చక్రవర్తి సైప్రసు ప్రధాన బిషపునకు ఎఱ్ఱసిరాతో సంతకము చేయు గౌరవము నిచ్చెనట. నేటికిని వారు అట్లే చేయుదురు. ఏ చక్రవర్తియు ఇయ్యకయే మేము ఇరువది యేండ్లుగా ఎఱ్ఱసిరాతో సంతకము చేయుచున్నామని మా విద్యార్థు లెఱుగుదురు.

పట్టిక చక్కగ కుదిరి, శుభ్రముగ వ్రాసి, ఉపాధ్యాయుల గదిలో అందఱకును చూపుచున్న వారముననే ఒక సాయంకాలము ఒక స్త్రీ మా గుమ్మములో నిలిచెను. మేము పోల్చలేదు. మా భార్య పోల్చి లోపలికి పిలిచెను. ఆమె కుమార్తె పదునొకండేండ్ల క్రిందట మా పాఠశాలలో పదవ తరగతి ముగించినది.

“మాష్టరు గారూ, మీరు సైప్రసు వెళుతున్నారని చర్చిలో అనుకొన్నారండి. మా పిల్ల అక్కడే ఉందండి,” అని ఆమె చెప్పెను.

ఆ మాట వినగానే మాకు కలిగిన సిగ్గును వ్రాయక తప్పదు. ఆఱేండ్ల క్రిందట ఆ పిల్ల పాస్‌పోర్టు కొఱకు చదువు ధ్రువపత్రము అడుగుటకు పాఠశాలకు వచ్చినది. తండ్రి వైద్యమునకు చేసిన అప్పు తీర్చుటకై విదేశమున ఇంటిపనికి పోవుచున్నానని చెప్పినది. ఏ దేశమమ్మా యని మేమే యడిగితిమి. ఆమె తొమ్మిదవ తరగతి గదివైపు చేయి చూపి, “మన పటములో కాగితము ముక్క అంటించారు గదండీ, దాని కింద ఉందంటండి,” అని నవ్వినది. మేమును నవ్వితిమి. ఇంతలో గంట కొట్టిరి. కాగితముమీద సంతకము చేసి తరగతికి పోయితిమి. ఆ పిమ్మట నాలుగేండ్లు చీటీ కట్టుచు, రెండు నెలలు పట్టిక వ్రాయుచు, ఒక్కనాడైన ఆ పిల్ల మాకు జ్ఞాపకము రాలేదు. రెండువేల యేండ్ల క్రిందట ఆ దీవిలో నడచినవా రందఱును జ్ఞాపకము వచ్చిరి.

ఆమె నికోసియాలో ఎనుబది దాటిన ఒక వృద్ధురాలిని చూచుకొనుచు ఆ యింటిలోనే యుండును. లేపుట, స్నానము చేయించుట, మందులిచ్చుట, వండిపెట్టుట, రాత్రి పిలిచినచో లేచుట. వారమునకు ఒక దినము సెలవు, అది ఆదివారము. తల్లి తన టెలిఫోనునందే కూతురిని పిలిచి మాకిచ్చెను.

“వందనాలండి మాష్టరు గారూ. నిజంగా వస్తున్నారాండీ?”

మేము వచ్చుచున్నామంటిమి. పట్టిక మా చేతిలోనే యుండెను. ఆదివారము పాఫోసు, మంగళవారము నికోసియా.

“మంగళవారం నాకు వీలుపడదండి. అవ్వగారిని వదిలి గుమ్మం దాటకూడదండి. పోనీలెండి, ఇంత దూరం వచ్చారంటే అదే చాలండి.”

ఆ రాత్రి మా వసారాలో నలుగురమును కూర్చుంటిమి గాని మాటలు సరిగా సాగలేదు. పాఫోసుకును నికోసియాకును 150 కిలోమీటర్ల దూరము. డ్రిల్లు మాష్టరు గారు ఒక ఉపాయము చెప్పిరి: ఉదయము పాఫోసులో ఆరాధన ముగించి, నేరుగా మంచి బాట పట్టి పోయినచో మధ్యాహ్న భోజనపు వేళకు నికోసియా చేరవచ్చును, సాయంకాలము వఱకు ఆ పిల్లతో నుండవచ్చును. లెక్క సరిగానే యుండెను. మాకును ఊరట కలిగెను. మఱునాడు ఆ సంగతి ఆమెకు చెప్పితిమి.

“మీరు ఆరాధన చూసుకొనే రండి మాష్టరు గారూ. తొందర ఏమీ లేదండి. నేను పొద్దుటినుంచి తోటలోనే కూర్చుని ఉంటానండి.”

మా భార్య టెలిఫోను మా చేతినుండి తీసికొని, అసలు ఆదివారము నీ వెక్కడెక్కడ తిరుగుదువమ్మా యని యడిగెను. నికోసియా పాత పట్టణమునకు చుట్టును వెనీసువారు కట్టిన కోటగోడ కలదు. దానికి మూడు ద్వారములు. అందు పాఫోసు ద్వారము అను దానిచెంత పరిశుద్ధ సిలువ పేరుగల దేవాలయము, సరిగ్గా ఆ ఖాళీ నేల అంచున, నున్నది. 2021 డిసెంబరులో పోపు ఫ్రాన్సిసు గారు వలస వచ్చినవారితో కూడి ప్రార్థన చేసినది అక్కడనే. ఈమె ప్రతి ఆదివారమును ఆ గుడికి పోవును. మన సంఘము కాకపోయినను, ఫిలిప్పీను, శ్రీలంక, మన దేశము, ఇన్నిచోట్లనుండి వచ్చిన పనివారు అక్కడ కలియుదురట. ఆరాధన యైన పిమ్మట సమీపమున నున్న పురపాలక సంఘమువారి తోటలో చెట్లక్రింద దుప్పట్లు పఱచుకొని, తెచ్చుకొన్న డబ్బాలు విప్పి, చీకటి పడువఱకు కూర్చుందురు. గోదావరి జిల్లాల స్త్రీలు నలుగురు తనతో నుందురని ఆమె చెప్పెను.

దీవిలో ఇంకేమి చూచితివని మా భార్య యడిగెను. ఆఱేండ్లలో సముద్రమును రెండుమార్లు చూచినదట, ఒకటి విమానములోనుండి.

అప్పుడు మేము టెలిఫోను తిరిగి తీసికొని, ఆదివారము మా కారులో నీవును రమ్ము, సముద్రతీరమున పోదము, పాఫోసు చూపుదుమంటిమి. ఆమె కొంచెముసేపు పలుకలేదు. “కారులో కూర్చుంటే మాటలు అవ్వవండి. తోటలోనే కూర్చుందామండి,” అనెను.

ఆ రాత్రి శుభ్రముగ వ్రాసిన పట్టికను మేము చింపలేదు. వెనుకప్రక్కను క్రొత్తది వ్రాసితిమి. లార్నకాలో దిగిన మఱునాడే సుమారు 140 కిలోమీటర్లు నడిపి పాఫోసు చేరుదుము. గురువారము మధ్యాహ్నము ఆ రాళ్ల నడుమ నిలిచి మేము నలుగురమే ప్రార్థన చేసికొందుము. పాటకు హార్మోనియ ముండదు, సంఘ ముండదు, చుట్టును కెమెరాలు పట్టుకొన్న యాత్రికు లుందురు. డ్రిల్లు మాష్టరు గారి భార్యకు ఇది చాల కష్టముగ తోచినది. ఆమె ఆ ఆదివారము కొఱకే క్రొత్త చీర కొని యుంచుకొనిరి. ఆ మాట ఒకసారి మాత్రము చెప్పి ఊరకుండిరి. శుక్రవారము క్యురియోను చూచి లిమస్సోలు. శనివారము త్రోదోసు కొండలెక్కుట. ఆ శిఖరము 1,952 మీటర్ల యెత్తు, దారులు పాము చుట్టలవంటివి, కావున మైళ్లు తక్కువైనను కాలము ఎక్కువ పట్టును. ఆ కొండలలో వాలుకప్పుల చిన్న దేవాలయములు పది, యునెస్కోవారి పట్టికలోనివి, గోడలనిండ చిత్రములతో నున్నవి. పదియును చూడ సాధ్యము కాదు. 1105–06 నాటి చిత్రములు గల ఆసినూ గుడి నొక్కదానిని ఎన్నుకొంటిమి. అది నికోసియా పోవు దిక్కుననే యున్నది, రాత్రికి నికోసియా. సోమవారము, ఉత్తరము వచ్చినచో, సలమీ.

ఇట్లు పాఫు ముందును సలమీ వెనుకను వచ్చి, మా ప్రయాణము అపొస్తలుని దారికి తలక్రిందులైనది. దీనికి మొదట మేము నొచ్చుకొంటిమి. కాని బర్నబా మార్కును వెంటబెట్టుకొని రెండవమాఱు కుప్రకు ఓడ యెక్కినప్పుడు ఎక్కడ దిగి ఎటు నడచెనో గ్రంథములో లేదు. కనుక మేమును ఏ దిక్కుగ నడచినను తప్పు పట్టువారు లేరని డ్రిల్లు మాష్టరు గారు తీర్పు చెప్పిరి. లేఖన పాఠమున వారు ఎన్నడును ఇంత శ్రద్ధ చూపి యుండలేదు.

పట్టికలో ప్రతిదినమునకు ఎదుట కిలోమీటర్లు వ్రాయుటకు ఒక గడి కలదు. పెట్రోలు లెక్క దానినిబట్టియే కట్టవలెను. ఆదివారము గడిలో సున్న పెట్టితిమి.

ఈ మార్పు సంగతి తెలిసిన తొమ్మిదవ తరగతివారు పటముమీది కాగితపు ముక్కపై సిరాతో దీవిని తామే గీసిరి. ఆకారము కొంత చేపవలె వచ్చినది. పాఫోసును లిమస్సోలు చెంతకు జరిపిరి. నికోసియా మాత్రము సరిగ్గా ఉండవలసిన చోటనే యున్నది. చుక్క నెవరు పెట్టిరో అడిగితిమి, ఎవ్వరును ఒప్పుకొనలేదు.

గత వారము ఆ తల్లి మఱల వచ్చి కూతురి కొఱకు ఒక సంచి తెచ్చెను. అందు ఎండురొయ్యలు, గోంగూర పచ్చడి, ఒక జత గాజులు, తాను ఇంట కాచిన నేతి సీసా. సైప్రసు 2004 నుండి ఐరోపా సమాఖ్యలోనిది గనుక దాని నియమములను మేము ముందే చదివి యుంటిమి. బయటి దేశములనుండి వచ్చువారు మాంసమును, పాలతో చేసిన పదార్థములను తేరాదు. చేపలు, రొయ్యలు ఇరువది కిలోల వఱకు తేవచ్చును. ఈ సంగతి చెప్పి, రొయ్యలు పోవును గాని నెయ్యి పోదమ్మా యని నేతి సీసాను ఆమె కిచ్చితిమి. ఆమెకు మా మాటమీద నమ్మకము కలుగలేదు. “వేడి అన్నంలో రెండు చుక్కలండి, దానికే అంత పెద్ద దేశం వద్దంటుందాండీ?” అనెను. మేము మఱల వివరించితిమి. ఆమె సరేనండి యని తల యూపి, పోవునప్పుడు సీసాను మా వసారా గట్టుమీదనే ఉంచి పోయినది. ఇప్పటికిని అక్కడనే యున్నది.